దారం ఎక్కే వెలుతురు

పెద్దమేస్త్రికి అక్షరం ముక్క రాదు. గోడ వంకర మాత్రం కంటితో చూసే చెప్పేస్తాడు. అలాంటివాడు కొత్త జైలులో మొదటి గది పూర్తిచేసి, ఇంకా పదిహేను గదులు మిగిలుండగా, తాపీ కింద పడేసి కూర్చున్నాడు.

"కిటికీ జానెడేనా అయ్యా?"

"ప్లానులో అంతే ఉంది," అన్నాడు ఇంజనీరు. "అయినా నీకెందుకు? ఉండబోయేది నువ్వా, నేనా?"

మేస్త్రికి ఎందుకంటే, తమ్ముడి వల్ల. తమ్ముడు టైలరు. చేయని దొంగతనానికి మూడేళ్లు చీకటి గదిలో మగ్గాడు. ఆ చీకట్లో అతని కళ్లు పాడవుతున్న సంగతి ఒక్క మహానుభావుడికీ పట్టలేదు. కేసు గెలిచి అతన్ని విడిపించిన లాయరమ్మ ఒకరోజు మేస్త్రితో అంది:

"మహాయుద్ధంలో జరిగిన ఘోరాలు చూశాక దేశాలన్నీ కూర్చుని, మనిషన్నవాడికి ఏమేం దక్కాలో రాసుకున్నాయి బాబాయ్. తర్వాత ఖైదీల కోసం విడిగా నియమాలు రాశారు. పగటి వెలుతురులో చదువుకోడానికీ పనిచేసుకోడానికీ సరిపడా కిటికీ ఉండాలని అందులో ఉంది."

మేస్త్రి ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. నియమాలన్నీ గడగడా అప్పజెప్పే పెద్దమనుషులు ఎంతమంది లేరు! వాళ్లలో ఒక్కడైనా తాపీ కింద పెట్టాడా?

"రేపటికల్లా ఇంకో మేస్త్రిని పెట్టుకుంటాను," అన్నాడు ఇంజనీరు.

"పెట్టుకోండయ్యా. ముందు ఒక్క పని చేయండి," అని మేస్త్రి జేబులోంచి సూదీ దారం తీశాడు. "లోపలికెళ్లి, తలుపేసుకుని, ఈ దారం ఎక్కించండి. ఎక్కితే నోరు మూసుకుని కట్టేస్తాను."

ఇంజనీరు నవ్వుకుంటూ వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. ఎంతసేపటికో బయటికొచ్చాడు, వేలిమీద నెత్తుటి చుక్కతో. సూది ఒక చేతిలో, దారం ఇంకో చేతిలో. ప్లాను చుట్టుకుని పైఅధికారుల దగ్గరికి బయల్దేరాడు.

తొమ్మిది రోజులు పని లేదు. "ఊళ్లోవాళ్ల కిటికీలన్నీ నీ నెత్తినే ఉన్నాయి," అని భార్య సణిగింది. పదో రోజు కొత్త ప్లాను వచ్చింది. మొదటి గది గోడ మేస్త్రే తన చేత్తో పగలగొట్టాడు.

గదులన్నీ పూర్తయ్యాక, తాళాలు పడకముందే తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. తమ్ముడు కిటికీ ఎదురుగా కూర్చుని సూది అడిగాడు. తడుముకుంటూ నాలుగుసార్లు ప్రయత్నించాడు.

"నా కళ్లకి ఇంక ఎక్కదులే అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, మొహం ఎండకేసి తిప్పి. "ఇక్కడికొచ్చేవాడికి ఎక్కుతుంది."