కాగితం పొరల్లో చిన్నోడు

మొన్న ఆసుపత్రిలో రక్తం తీసే ముందు నర్సమ్మ స్పిరిట్ దూదితో నా మోచేతి మడత తుడిచింది. ఆ వాసనకు ఒళ్ళు జలదరించింది. సూదికి భయపడ్డాననుకుని ఆ అమ్మాయి నవ్వింది. నేను మాత్రం అప్పటికే ఎనభైల నాటి బహ్రెయిన్‌లో, సిత్రా కేబుల్ యార్డులో, దాసుగారి పక్కన నిలబడి ఉన్నాను.

దాసుగారు మా ఫోర్‌మన్, కాకినాడ మనిషి. శుక్రవారం సెలవునాడు చర్చిలో తెలుగు ప్రార్థనలో గొంతెత్తి పాడేవారు గానీ యార్డులో మాట పొదుపు. జగిత్యాల నుంచి వెళ్ళిన నాకు పని నేర్పింది ఆయనే. పాత కేబుళ్ళను మళ్ళీ వాడే ముందు, మెగ్గర్ అనే పిడి తిప్పే పెట్టెతో పరీక్షించేవాళ్ళం. లోపల రాగి, దాని చుట్టూ పొరలు పొరలుగా నూనె కాగితం, పైన సీసపు తొడుగు. రాగి నుంచి సీసానికి కరెంటు కారితే మెగ్గర్ ముల్లు పడిపోతుంది. సముద్రపు గాలికి కోసిన కొసల మీద ఉప్పు తేమ పట్టినా పడిపోతుంది. అందుకని ముల్లు పడితే చాలు, "ఉప్పే సార్" అని స్పిరిట్‌తో తుడవడమే మాకు తెలిసిన వైద్యం.

ఒక మిట్టమధ్యాహ్నం ఎంత తుడిచినా ముల్లు లేవలేదు. దాసుగారు కొస దగ్గర కాగితం చుట్టూ ఉత్త రాగి తీగ ఒక చుట్టు చుట్టి, మెగ్గర్ మీద తీగ తగిలించే మూడో బొడిపెకు కలిపారు.

"పైపైన పాకేది ఈ తీగలో పడి పక్కకి పోద్ది, లెక్కలోకి రాదు. ఇక మిగిలింది పొరల్లోంచి కారేదే. తిప్పు."

తిప్పాను. ముల్లు చివరిదాకా వెళ్ళింది. లోపల కేబుల్ గట్టిగా ఉన్నట్టే. ఆయన తీగలు ఊడదీసి, మెగ్గర్ నింపిన కరెంటు దిగిపోయేలా భూమికి కలిపిన కడ్డీని రాగికి ఆనించారు. టప్పున నిప్పురవ్వ ఎగిరింది. కడ్డీ తీసేశారు.

"ఖలాస్ అయింది గద సార్, కొస మూసెయ్యనా?" అంటూ చెయ్యి చాపాను. చప్పున నా మణికట్టు పట్టుకున్నారు. అంత ఎండలోనూ ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఆ మాట అనకు. కూర్చో."

కూర్చున్నాం. ఎదురుగా దేనికీ తగిలించని కేబుల్. చాలాసేపటికి ఆయన కొస మీదికి వంగి, నిద్రపోతున్నవాణ్ణి లేపుతున్నట్టు మెల్లగా అడిగారు.

"ఉన్నావా చిన్నోడా?"

కడ్డీ ఆనించారు. మళ్ళీ రవ్వ!

"కాగితాల్లో ఇంకింది ఒక్కసారే దిగదురా," అన్నారు నా వైపు చూడకుండా. "ఇంతకుముందు హిద్ యార్డులో ఒక్కసారి ఆనించి ఖలాస్ అన్నాను. మా తమ్ముడు, చిన్నోడు, నా మాట నమ్మి చెయ్యేశాడు. మళ్ళీ లేవలేదు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నేనూ ఫోర్‌మన్‌నయ్యాను. పొరల మధ్య చిక్కిన కరెంటు మెల్లగా బయటికొస్తుందని, అందులో దయ్యం లేదని నా కింది వాళ్ళకు బొమ్మ గీసి మరీ చెప్పాను. చెప్పిన వెంటనే వాళ్ళను కూర్చోబెట్టి, కొస మీదికి వంగి అదే ప్రశ్న అడిగేవాణ్ణి. అడగకుండా ఒక్కసారి కూడా కడ్డీ ఆనించలేదు. నా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు. మూడోసారికో నాలుగోసారికో రవ్వ రాదు. అప్పుడే చెయ్యి వెయ్యాలి. వాళ్ళు హమ్మయ్య అనుకుని లేచేవాళ్ళు. నాకేమో, నేనెన్నడూ చూడని ఆ చిన్నోడు అప్పుడే పోయినట్టు ఏడుపొచ్చేది.