మాస్టారు కొట్టేసిన మాటలు

మొన్నటి ముసురుకు మా వెనక గది గోడ చెమ్మెక్కింది. తలుపు తియ్యగానే తడి సున్నం వాసన కొట్టింది. ఆ వాసనతో నాకు కళింగపట్నం దగ్గరి ఒక పాత బంగళా గుర్తొస్తుంది. దాని వరండాలో మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని రాసుకుంటూ కూర్చున్న అప్పలాచారి మాస్టారు గుర్తొస్తారు. అరవయ్యో దశకం చివర అక్కడ ఒక సినిమా తీశారు. పాడుబడ్డ మేడ, తాళం వేసిన గది, చనిపోయిన మొదటి భార్య, ఆమె స్థానంలోకి వచ్చిన కొత్త కోడలు. అలాంటి భయం కథ. మాటలు మాస్టారివి. విజయనగరంలో ఏళ్ల తరబడి నాటకాలు రాసిన మనిషికి అదే మొదటి సినిమా. కలం పడితే గ్రాంథికం, నోరు విప్పితే అచ్చం మన ఊరి మాట.

నేను ఆయన రాతకు శుద్ధప్రతి రాసేవాణ్ణి. మరో పని కూడా నాదే. కాగితం మధ్య గీత గీసి ఎడమవైపు రాసిన సీను, కుడివైపు నిజంగా తీసిన సీను పెట్టాలి. రెండూ ఏ రోజూ కలిసేవి కావు. వానలో రాసింది ఎండలో తీసేవారు. గుర్రబ్బండి దొరక్క ఎడ్లబండి పెట్టేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. మాస్టారు నవ్వేవారు.

"ఒరే సింహాద్రీ, పెళ్లికి శుభలేఖ ఏస్తాం. ఎక్కడైనా శుభలేఖలో ఉన్నట్టే పెళ్లి జరిగిందేటి?"

ఒక్క సీను జోలికి మాత్రం ఎవరినీ రానిచ్చేవారు కాదు. కోడలు ఆ గది తాళం తీస్తుంది. మొదటి భార్య చీర కనిపిస్తుంది. కెవ్వున అరిచి, గోడలను నిలదీస్తూ పేజీన్నర మాట్లాడుతుంది. ఆ మాటలు విని డైరెక్టరు తన తరువాతి సినిమా కూడా ఆయనకే ఇస్తానన్నాడు. మాస్టారు చదివి వినిపిస్తుంటే లైట్లు మోసేవాళ్లు కూడా పని ఆపేసేవారు.

ఆ సీను తీసే రోజు లైట్లు సర్దుతున్నారు. కోడలి వేషం వేసిన వసుమతి గారు ఊరికే నిలబడలేక, మంచం మీద కుప్పగా పడేసిన ఆ చీర అందుకున్నారు. దులిపి, అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు చాపి మడతపెట్టసాగారు. మాస్టారు వరండాలోంచి లేచి వచ్చారు.

"అమ్మా, ఇంకోసారి అలాగే మడతెట్టు తల్లీ."

"తప్పు చేశానా మాస్టారూ?" అన్నారావిడ కంగారుగా.

"తప్పు నాదమ్మా. నువ్వు మడతెట్టు."

చూశారు. డైరెక్టరు వైపు తిరిగారు. "అరుపొద్దు, మాటలొద్దు. ఇదే తియ్యండి బాబూ."

"ఎండ దెబ్బ తగిలిందా మాస్టారూ? జనం జడుసుకోవడానికి టిక్కెట్టు కొంటారు, బట్టలు మడతపెట్టడం చూడటానికి కాదు."

"జడుసుకోరేటి? సచ్చిపోయినావిడ చీర తన చీరలాగ మడతెడతన్నాది. రేపు ఈ పిల్ల చీర ఎవరు మడతెడతారో అని సూసినోళ్లకి తట్టదేటి?"

డైరెక్టరు కెమెరా వైపు నడిచాడు. "తీస్తాను. కానీ నేను మెచ్చింది ఆ పేజీన్నరని. తరువాతి సినిమా సంగతి ఇక నన్ను అడక్కండి."

"అడగన్లెండి."

నా చేతిలోని కలం తీసుకుని, ఆ పేజీన్నరా మాస్టారే అడ్డంగా కొట్టేశారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ సినిమా మేమిద్దరం నరసన్నపేటలో చూశాం. అంతవరకూ ఈలలతో మోగిన హాలు, చీర మడతలు పడుతుంటే చప్పుడు లేకుండా అయిపోయింది. ముందు బెంచీలో ఒక ముసలమ్మ ఆగలేక కేక పెట్టింది. "అయ్యో, నా తల్లే! పారిపోవే, బేగి పారిపో!"

మాస్టారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

బయటికొస్తూ జనం వసుమతి గారిని పొగిడారు, డైరెక్టరును పొగిడారు. "మిమ్మల్ని ఒక్కరూ తలవలేదు మాస్టారూ" అన్నాను.

"ఆ ముసల్దాని మాట ఇన్నావా? బేగి పారిపో అంది. అంత మంచి మాట ఆ పేజీన్నరలో ఎక్కడుందిరా?" అన్నారు. దారి పొడుగునా అదే చెప్పుకుని మురిసిపోయారు.

డైరెక్టరు మళ్లీ పిలవలేదు. మాస్టారు విజయనగరం తిరిగొచ్చి నాటకాలే రాసుకున్నారు. ఆ సినిమా చూసినవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా తగులుతుంటారు. అందరూ ఆ గది సీనే చెబుతారు. అది రాసింది మా మాస్టారు అంటాను. అందులో మాటలే లేవు కదండీ అంటారు.

అవునండీ, ఒక్కటీ లేదు అంటాను.