నోట్లో ఏమీ పెట్టొద్దు

మా పాపకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు దానికింకా రెండేళ్లు నిండలేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. తడిగుడ్డ తేవడానికి లేచానో లేదో, కళ్లు తేలేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. వాకిట్లో బీడీలు చుడుతున్న మా అత్తమ్మ చాటను నెట్టేసి పరుగెత్తుకొచ్చింది. వాడకట్టంతా పోగయింది. ఎవరో పాప గుప్పిట్లో తాళంచెవులు పెట్టారు. ఎవరో పళ్ల మధ్య చెంచా దూర్చారు. కొట్టుకోవడం ఆగేసరికి నోటినిండా నెత్తురు. పంటి చిగురు చీలింది.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. మధ్యాహ్నం దాటాక గానీ మా వంతు రాలేదు. ఆయన పాపను పరీక్షించి, "జ్వరానికి వచ్చిన ఫిట్స్. భయపడకండి," అని మందులు రాశాడు. మళ్లీ వస్తుందా, వస్తే ఏం చేయాలి అని అడిగేలోపే తర్వాతి వాళ్లు లోపలికి వచ్చేశారు.

తిరుగు బస్సులో అత్తమ్మ దారి పొడుగునా తిట్టింది. "పొద్దుగాల్నుంచి కూసోవెట్టి రెండు మాటలు చెప్పిండు. గీ దవాఖాన మొకం మళ్ల సూడొద్దు."

నేను కాదనలేదు. ఆ తర్వాత బట్టలు కుడుతూ కుడుతూ మిషను ఆపి, ఆడుకుంటున్న పాప నుదురు తడిమి చూసేదాన్ని. చల్లగా ఉన్నా కాసేపటికి మళ్లీ తడిమేదాన్ని.

చలికాలంలో మళ్లీ జ్వరం వచ్చింది. ఇంకో దిక్కు లేక అదే దవాఖానకు వెళ్లాం. హాల్లో టీవీలో సీరియల్ తీసేసి, పిల్లల జబ్బుల గురించి వీడియోలు పెట్టారు. అత్తమ్మకు ఒళ్లు మండింది. ఇంతలో నర్సు మమ్మల్ని పక్క గదిలోకి పిలిచి ఫోన్లో చిన్న వీడియో చూపించింది. అందులో మాట్లాడుతున్నది ఆమే. ముందు ఒక ప్లాస్టిక్ బొమ్మ.

"ఫిట్స్ వస్తే పిల్లను పక్కకు తిప్పి పండవెట్టుండ్రి. నోట్ల చెంచా, వేలు, నీళ్లు ఏం పెట్టొద్దు. అదిమి పట్టొద్దు. టైం సూడుండ్రి. ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు ఉరకాలె."

వీడియో అయ్యాక నా చేతికి దిండు ఇచ్చింది. "ఇది మీ పాప అనుకో అక్కా. ఇప్పుడు ఫిట్స్ వచ్చింది. ఏం జేస్తవ్?"

నేను దిండును వెల్లకిలా పెట్టాను. ఆమె నవ్వలేదు, కసరలేదు. మళ్లీ చూపించి, మళ్లీ చేయించింది. నా మనసులో నెలలుగా నలుగుతున్న ప్రశ్నలన్నీ అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పింది. అత్తమ్మ మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది.

ఎండాకాలం భిక్నూర్‌లో చుట్టాల పెండ్లికి పోయి వస్తూ కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాం. సీట్లన్నీ నిండి, నడుమ జనం నిలబడి ఉన్నారు. లింగంపేట దాటాక ఒళ్లోని పాప ఒక్కసారి వేడిగా తగిలింది. ఎండ వల్లేమో అనుకుంటుండగానే దాని మెడ వెనక్కి వాలింది. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి.

"జరుగుండ్రి!" అని అరిచి, అత్తమ్మ తువ్వాల కింద పరిచి, పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నోటి చివర నుంచి నురగ కారుతోంది.

"తాళంచెవులు ఇయ్యుండ్రి!"

"నోట్ల గుడ్డ పెట్టు, నాలిక కొరుక్కుంటది!"

ఒకాయన వంగి పాప పళ్ల మధ్యకు వేలు పోనిచ్చాడు. నేను ఆయన చెయ్యి తోసేశాను.

"పెట్టొద్దన్నా! డాక్టర్లు చెప్పిండ్రు, పెట్టొద్దు!"

"పిల్ల సస్తుంటే సూస్తున్నవా? తల్లివేనా నువ్వు?"

పాప పెదాలు నీలంగా మారుతున్నాయి. నాకు తెలిసింది ఒక చిన్న వీడియో, ఒక దిండు. బస్సులో ఇంతమంది పెద్దవాళ్లు చెప్తున్నది తప్పయి, నేనొక్కదాన్నే రైటా? ఒకవేళ కాకపోతే?

అప్పుడు అత్తమ్మ నాకూ ఆయనకూ మధ్య చేతులు చాపి నిలబడింది.

"దూరం జరుగు బిడ్డా! మొదలుపారి మేం గిట్లనే చెంచ పెట్టి నెత్తురు కారిచ్చినం. నా కోడలు సరిగనే చేస్తున్నది. గాలి రానియ్యుండ్రి!"

ఆ రోజు గోడవైపు తిరిగి కూర్చున్నా, నర్సు చెప్పిందంతా ఆమె విన్నదని నాకు అప్పుడే తెలిసింది.

"టైం సూడమ్మా," అని కండక్టరమ్మను అడిగాను. ఆమె గడియారం చూస్తూ నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. "అన్నా, ఎక్కడా ఆపకు. సక్కగ ఎల్లారెడ్డి దవాఖానకే పోనియ్యి," అని డ్రైవర్‌కు కేక వేసింది. "రెండు నిమిషాలైంది," అంది. చాలాసేపటికి, "మూడు," అంది.

నాలుగు అనబోతుండగా పాప కాళ్లు నెమ్మదించాయి. చేతులు వదులయ్యాయి. ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. తర్వాత సన్నగా ఏడ్చింది. నన్ను తిట్టిన ఆయన సీటు కిందికి వంగి, పాప కాలి నుంచి జారిపోయిన చెప్పు తీసి అత్తమ్మ చేతిలో పెట్టాడు.

బస్సు దవాఖాన గేటు ముందే ఆగింది. డాక్టరమ్మ పాపను చూసి, నోరు తెరిపించి చూసి, "దెబ్బలేం లేవు. ఎవరు నేర్పిండ్రు మీకు?" అని అడిగింది. కామారెడ్డి దవాఖాన నర్సు అని చెప్పాను.

జ్వరం దిగేదాకా అక్కడే ఉంచారు. అత్తమ్మ వరండాలో కూర్చుంది. చాయ్ తెచ్చిచ్చాను. గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"నాకూ గుడ్డ పెడుదామనే అనిపిచ్చింది బిడ్డా," అంది. "నీ మొకం సూసి ఆగిన."

"నువ్వు అడ్డం నిలవడకపోతే నేను పెట్టనిచ్చేదాన్నేమో అత్తమ్మా," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. లోపల పాప లేచి బిస్కెట్ అడుగుతోందని నర్సు పిలిచింది. ఇద్దరం లేచి వెళ్లాం.