గోడ అవతలి నోరు

గత ఏడాది ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇది మొదలైంది. నందిగామ శివారులో మా ఇంటి ముందు షామియానా వేసి, అమ్మ తొలి ఏడాది జ్ఞాపకార్థ ప్రార్థన ముగించి, బంధువులందరినీ భోజనానికి కూర్చోబెట్టాం. నాన్న మాంసం ముక్కలన్నింటినీ విస్తరి అంచుకు నెట్టేసి, పెరుగన్నాన్ని కుడి దవడ వైపే తిప్పుకుంటూ మింగుతున్నాడు. ఎడమ బుగ్గ కదలడం లేదు. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి ఆయన సున్నం రాసిన పొగాకు పెట్టుకునేది ఆ బుగ్గలోనే.

నేను సైన్యంలో దంతవైద్యుణ్ణి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. మంచుకొండల మీది పోస్టుకు వెళ్ళవలసిన జవాన్లను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి నోరు తెరిపించి చూసిన తరువాతే బండి ఎక్కనిస్తాం. పైకి వెళ్ళాక నోటికి ఏమైనా అయితే చూసే దిక్కుండదు. ఇరవై ఏళ్ళకు పైగా ఒంటబట్టిన ఆ అలవాటుతోనే నేను పంక్తిలోంచి లేచి, నాన్న ఎదుట నిలబడి, నోరు తెరవమన్నాను. అడిగిన తీరు కొడుకు అడిగే తీరు కాదు.

వడ్డించే చేతులు ఆగిపోయాయి. నాన్న నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండానే అన్నాడు.

“మీ అమ్మ మొహం చూడనోడికి నా నోరు చూపించను.”

అమ్మ పోయిన రోజు నేను మంచులో ఉన్నాను. దారి మూసుకుపోయింది, హెలికాప్టరు ఎగరలేదు. నేను ఊరు చేరేసరికి సమాధి మీద సిమెంటు ఆరిపోయింది. ఆ రోజు నుంచి నాన్న నన్ను పేరు పెట్టి పిలవలేదు, “ఏరా” అనలేదు. డాక్టరు గారు వచ్చారు, డాక్టరు గారికి మజ్జిగ ఇవ్వండి, అంటాడు. చుట్టాలు దాన్ని గౌరవమనుకుంటారు.

నా భార్య జగ్గయ్యపేటలో టీచరు. ఆమె ఉద్యోగం, పాప చదువు అక్కడ ఉండటం వల్ల నా సెలవులన్నీ ఆ ఊళ్ళోనే గడుస్తాయి. ఆ సాయంత్రం బస్సులో తిరిగి వెళుతున్నంతసేపూ ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇల్లు చేరాక మాత్రం, “ఏవండీ, అందరి ముందూ ఆయనకి పెరేడ్ పెట్టించారు మీరు,” అంది. మర్నాడు స్కూలు అయ్యాక తానే నందిగామ వెళ్ళి అడిగి చూసింది. కోడలిని ఆయన ఆప్యాయంగానే కూర్చోబెట్టి, టీ తాగించి, బస్సు టైమైందని గుర్తుచేసి పంపించాడు.

మిగిలింది అన్నయ్య. ఆ మర్నాడు నేనే నందిగామ వెళ్ళి ఆయన్ని అడిగాను. మిరప, పత్తి వేసుకుంటూ నాన్నను చూసుకుంటున్నది ఆయనే. ఆ బుగ్గలో పుండు సంక్రాంతికి ముందు నుంచీ ఉందని, వేడి చేసిందని, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన పూత మందు రాస్తూ సబ్జా నీళ్ళు, మజ్జిగ ఇస్తున్నామని చెప్పాడు. మా ఇళ్ళలో నోట్లో ఏది లేచినా వేడే. నేను కూడా ఆ మజ్జిగ తాగే పెరిగాను. అయినా ఇన్నాళ్ళు మానని పుండు వేడి కాదని, విజయవాడ తీసుకెళ్ళి పరీక్షకు అందులోంచి చిన్న ముక్క తీయించాలని చెప్పాను. కోయవలసి రావచ్చని కూడా దాచకుండా చెప్పాను.

“నీ మాట విని కోయిస్తాం. తర్వాత నీకు ఫోనొస్తది, నువ్వు పోతావు. ఆయన మూతి కింద గిన్నె పట్టేదెవరు? అమ్మప్పుడు పట్టిందెవరు?”

ఆ మాట నిజమే కావడంతో నాకు మరింత కోపం వచ్చింది.

“సరే అన్నా. మజ్జిగే పోస్తా ఉండు. వచ్చే ఏడాది ఇదే షామియానా మళ్ళీ వేద్దాం.”

అన్నయ్య రెండు చేతులతో నన్ను వెనక్కి నెట్టాడు. నేను పందిరి గుంజకు తగిలి నిలదొక్కుకున్నాను. వదిన వంటింట్లోంచి పరుగున వచ్చి మా మధ్య నిలబడింది. అన్నయ్య ఆమె భుజం మీదుగా నాతో అన్నాడు.

“ఏం చూడాలో చెప్పు. నాకైతే తెరుస్తాడు. నువ్వు మాత్రం లోపలికి రావద్దు.”

దంతవైద్యుడు లేని పోస్టుల్లో నర్సింగ్ అసిస్టెంటుకు ఫోనులో చెప్పి జవాను నోరు చూపించడం నాకు కొత్త కాదు. అయితే ఆ అసిస్టెంటు నా మాట వినడానికే అక్కడ ఉంటాడు. ఇక్కడ నేను పెరట్లో, కిటికీ కింద, గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల మంచం మీద నాన్న, ఆయన ముందు సెల్లు లైటు పట్టుకుని అన్నయ్య. చేతులు సబ్బుతో కడుక్కోమన్నాను. కడిగానన్నాడు. బుగ్గను వేలితో పక్కకు లాగి రంగు చెప్పమన్నాను. చుట్టూ తెల్లగా, మధ్యలో ఎర్రగా ఉందన్నాడు. అంచు వెంబడి వేలు పోనిచ్చి, మెత్తగా ఉందో గట్టిగా ఉందో చెప్పమన్నాను.

మళ్ళీ అడిగాను.

“గట్టిగా ఉంది. లోపల పత్తి గింజలు కుట్టినట్టు.”

“నొక్కితే నొప్పి ఉందా?”

ఈసారి నాన్న గొంతు వినిపించింది. “లేదని చెప్పు ఆయనకి.”

గట్టిపడ్డ పుండు నొప్పి లేకపోతేనే ఎక్కువ అనుమానించాలి. నొప్పి ఉందంటే కొంత ధైర్యంగా ఉండేది. దవడ కింద, మెడ పక్కన గడ్డలున్నాయేమో తడమమన్నాను. ఏమీ తగలలేదన్నాడు. మరోసారి తడమమన్నాను. అప్పుడూ ఏమీ లేదన్నాడు.

అన్నయ్య బయటికి వచ్చి, కుళాయి కింద ఆ వేలినే చాలాసేపు కడుక్కున్నాడు. నేను చెప్పినంతకాలం అది నా చదువు. ఇప్పుడు ఆయన వేలికి తగిలింది.

“పొద్దున్నే కారు మాట్లాడతా. నువ్వు ముందు సీట్లో కూర్చో. నాన్న పక్కన నేనుంటా.”

కంచికచర్లలో లారీల వెనక ఆగి, పరిటాల హనుమంతుడి విగ్రహం దాటి విజయవాడ చేరాం. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. మెడలోకి ఇంకా దిగలేదు. ఆపరేషను చేసి బుగ్గ లోపలి భాగం తీసేశారు. నేను సెలవు పొడిగించమని అడిగాను, ఇచ్చారు. అన్నయ్య మాత్రం రోజూ పొద్దున వార్డులోకి రాగానే, “ఫోనొచ్చిందా?” అని అడిగేవాడు. రాలేదని చెప్పేవాణ్ణి. నమ్మేవాడు కాదు.

నాన్న మూతి కింద గిన్నె పట్టింది నేనే. మాట్లాడటానికి వీలైన తొలిరోజు ఆయన నర్సుతో, “ఆ డాక్టరు గార్ని బయట కూర్చోమనండి,” అన్నాడు. అప్పుడు కూడా గిన్నె నా చేతుల్లోనే ఉంది. నేను వెళ్ళలేదు. ఆయన రెండోసారి చెప్పలేదు.

కుట్లు తీయించి ఇంటికి చేర్చాక నేను తిరిగి డ్యూటీకి వెళ్ళిపోయాను. బయలుదేరేటప్పుడు అన్నయ్య అరుగు మీద నుంచి లేవలేదు.

నాన్న పొగాకు మానేశాడు. నోరు రెండు వేళ్ళు పట్టేంత మేరకే తెరుచుకుంటుంది, మెత్తటి అన్నం తింటున్నాడు. నన్ను ఇప్పటికీ డాక్టరు గారనే అంటాడు. అన్నయ్య పండక్కి కూడా నాతో మాట్లాడడు. నెలకొకసారి మాత్రం చేతులు కడుక్కుని, నాన్న నోట్లోకి లైటు కొట్టి, మెడ తడిమి, చూసింది చూసినట్టు ఫోనులో నాకు చెప్పి పెట్టేస్తాడు.