సాక్సోఫోనుకు మాటు

మట్టిముద్దలోకి ఊపిరి ఊది దాన్ని మనిషిని చేసిన దేవునికి స్తోత్రం. ఆ పనికి ఆయన ఏ కమిటీ అనుమతీ అడగలేదు. అడిగి ఉంటే మనమంతా ఇంకా మట్టిగానే ఉండేవాళ్ళం.

నాకు ఊపిరితో పాటు ఆయన ఒక సాక్సోఫోను కూడా ఇచ్చాడు. నిజానికి అది మా హిందూపురం చర్చి సంఘానిది, స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక దొర వదిలేసిన వస్తువు. యాభైల చివర్లో, నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఊదడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆదివారం పాటలకు నన్ను పెట్టారు.

నేను ఇంట్లో ఊదితే పక్కింటి బర్రె పాలు ఎగ్గొడుతోందని ఫిర్యాదు వచ్చింది. అందుకని శనివారాలు ప్యాసింజరెక్కి పెనుకొండ పోయి, కొండమీద బండల మధ్య సాధన చేసేవాణ్ణి. కీర్తనతో మొదలుపెట్టి దారి తప్పేవాణ్ణి. బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ, నాదస్వరం వాళ్ళలా తెగకుండా ఊదడం. ఊదుతూనే గొంతులో కూనిరాగం తీయడం. ఊదకుండా మీటలు మాత్రం టపటపలాడించి ధర్మవరం మగ్గాల చప్పుడు పలికించడం. అన్నిటికన్నా నాకిష్టమైనది, వేళ్ళు అడ్డదిడ్డంగా వేసి ఒకే ఊపిరిలో రెండు స్వరాలు పుట్టించడం. రెండూ కొట్లాడుకుంటాయి కానీ విడిపోవు, అచ్చం మా సంఘం లాగే.

ఒక ఆదివారం కానుకల వేళ ఆ రెండు స్వరాలనూ ఆలయంలోనే పలికించాను. దేవుడు ఎలా విన్నాడో తెలియదు, సంఘపెద్ద మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయనకు ఇత్తడి పాత్రల అంగడి ఉండేది. లోహం విషయంలో సంఘంలో ఆయన మాటే వాక్యం.

"ఏమబ్బా, ఇది కారతాండాది."

"కారలేదు పెద్దయ్యా, నేనే అట్ల ఊదినా."

"నువ్వు ఊదేది ఒకటి, ఆడ మోగేది రెండు. చిల్లు లేకుంటే రెండోది యాడ నుంచి వస్తాది?"

కమిటీ కూర్చుంది. కోతకాలపు పండుగనాడు మళ్ళీ తేడా వినబడితే సాక్సోఫోను బీరువాలోకి, బీరువా తాళంచెవి పెద్దాయన మొలతాడుకి. ఇక బయటికి రాదు. అదీ తీర్మానం.

పండుగకు ముందు వారమంతా నాకు ధర్మవరం స్టేషన్లో డ్యూటీ పడితే, సాక్సోఫోనును ఆలయంలోనే ఉంచి వెళ్ళాను. ఆదివారం పొద్దున రైలు దిగి ఆలయానికి వస్తే, పెద్దాయన సాక్సోఫోను పట్టుకుని పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"చిల్లు దొరికింది! మెడ ఊడదీసి, బిందెను చూసినట్ల నీళ్ళు పోసి చూసినా. ఇదో, ఈడ, ఆవగింజంత. బిందెలకు మాట్లేసే సాయిబుతో తగరం కరిగించి మాటు వేయించినా. ఇంక జలప్రళయమొచ్చినా కారదు."

ఆ ఆవగింజంత చిల్లు, సాక్సోఫోను చేసినవాడు పెట్టినదే. బొటనవేలితో మీట నొక్కితే అది తెరుచుకుని స్వరం పైస్థాయికి ఎగురుతుంది. ఆ రోజు కీర్తనలో మూడో వరస మొత్తం పైస్థాయే. అది రాకపోతే, మాటు వేసినా బాగుపడలేదని బీరువాలోకే.

మూడో వరస వచ్చింది. కొండమీద దారితప్పి నేర్చుకున్నదే గతి అనుకుని, గొంతు ఇరుకు చేసి, నాలుక వెనుకభాగం ఎత్తి, పెదవి బిగించి ఊదాను. ఒక క్షణం కింది స్వరం వదల్లేదు. తర్వాత పైది వచ్చింది, సన్నగా, శుభ్రంగా, ఒక్కటే. వరస ముగిసేదాకా నిలిచింది.

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. పాట అయ్యాక లేచి దేవునికీ సాయిబుకూ, ఆ క్రమంలోనే, వందనాలు చెప్పాడు. ఆరాధన నడిపించే పాస్టరు అయ్యగారు నా దగ్గరికి వంగి, "నిజంగా మాటుతోనే బాగయిందా అబ్బా?" అన్నారు.

నిజం చెబితే ఆ రెండు స్వరాలూ నా పనేనని ఈసారి నమ్ముతారు, సాక్సోఫోను బీరువాలోకి పోతుంది. "దేవుని కృప, అయ్యగారూ," అన్నాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

సాక్సోఫోను నాకు దక్కింది. ఆ సాయంత్రమే పెద్దాయన దాని మీది మూతలన్నీ ఎత్తి చూసి, "ఇంకా ఇరవై చిల్లులుండాయి కదప్పా! ఒక్కటి మూస్తేనే ఇంత మహిమ, అన్నీ మూస్తే?" అన్నాడు. సాయిబుకు ఆ వారం వేరే ఊళ్ళో పని దొరకడం నా జీవితంలో నేను చూసిన అద్భుతాల్లో ఒకటి.

నేను మింగిన సగం నిజాన్ని క్షమించమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. చదివే సోదరులారా, మీరూ నాతో కలిసి అడగండి. దేవుడు చిల్లులతో చేసిన వాటన్నిటినీ, మేలు చేయాలని కంకణం కట్టుకున్న పెద్దమనుషుల చేతుల్లోంచి కాపాడమని కూడా అడగండి. ఆమేన్.