పాట కింద వాయించేది

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఛాతీ డాక్టరు గారి క్లినిక్‌లో నేను టెక్నీషియన్‌ని. వచ్చినవాళ్ల ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టించి, ఊపిరి నిండా పీల్చుకుని ఒక్కసారిగా ఊదమంటాను. చాలామందికి మొదటిసారి సరిగా రాదు. బుగ్గలు పూరించి ఊదుతారు. బుగ్గలతో కాదండీ, పొట్టలోంచి రావాలి అని నేనే ఒకసారి ఊది చూపిస్తాను. మొన్న వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "అంత ఊపిరి ఎక్కడ దాచుకున్నావు తల్లీ?" అన్నాడు. "బళ్లో బ్యాండు వాయించేదాన్నండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. నవ్వి, మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

ఆ మాట పైకి అని చాలా ఏళ్లయింది. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ పోయాక ఒక గది అద్దెకి తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని తింటుంటే అవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మాది మార్టూరుకి దగ్గర్లో ఒక ఊరు. నాన్న గ్రానైటు రాయికి పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేసేవాడు. సాయంత్రం సైకిలు దిగేసరికి జుట్టే కాదు, కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. అమ్మ కూలికి వెళ్లేది. పత్తి తీతలప్పుడు పత్తికి, కోతలప్పుడు మిరపకి. నేను ఒక్కదాన్నే సంతానం. ఎనిమిదో తరగతిలో నన్ను ఆడపిల్లల హాస్టలు బళ్లో చేర్చారు. ఆ ఏడే ఎవరో దాత బడికి బ్యాండు వాయిద్యాలు కొనిచ్చాడు.

నేర్పడానికి గుంటూరు నుంచి ఒక మాస్టారు బస్సులో వచ్చేవారు. పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం గ్రౌండు అవతలికి వినపడేది. మొదటి రోజు పెట్టెలు విప్పగానే పిల్లలందరూ డ్రమ్ముల మీద, చిన్న ట్రంపెట్ల మీద పడ్డారు. నాకు నెట్టుకుని ముందుకి పోవడం ఎప్పుడూ రాలేదు. చివరికి అడుగున ఒకటి మిగిలింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాల్సినంత పెద్దది, గొట్టాలు గొట్టాలుగా చుట్టుకుని, నోరు పైకి తెరుచుకుని ఉంది. మాస్టారు దాన్ని చూసి, నన్ను చూసి, "ఏమ్మాయ్, పొడుగ్గా ఉన్నావు. బేస్ నీదే" అన్నారు.

రెండు వారాల దాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు. నోటికి ఆనించుకునే మౌత్‌పీస్ ఒక్కటే ఊడదీసి చేతికిచ్చి, పెదాలు బిగించి బుర్రుమనిపించమన్నారు. పెదాలు తిమ్మిరెక్కి, అన్నం తింటుంటే మెతుకులు జారిపోయేవి. వాయిద్యం చేతికొచ్చాక నేను తీసిన మొదటి శబ్దానికి గది అంతా పడీపడీ నవ్వారు. "గేదె ఈనుద్దిరోయ్!" అని ఎవరో అరిచారు. మాస్టారు నవ్వలేదు. "నవ్వేవాళ్లు బయటికి పోండి. నువ్వు మళ్లీ ఊదు" అన్నారు.

నేను పట్టుదల గల పిల్లనేం కాదు. చదువులో సగటు, ఆటల్లో వెనక. కానీ ఆ ఊదడం నాకు వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. ఒక రోజు పొట్టలోంచి వచ్చిన గాలి, పెదాల మధ్య వణుకు, మీటలు నొక్కిన వేళ్లు, మూడూ ఒకచోట కలిశాయి. లావుపాటి, నున్నటి శబ్దం ఒకటి బయటికొచ్చింది. ఒళ్లోని ఇత్తడి నా పక్కటెముకలకి ఆనుకుని వణికింది. హాస్టల్లో అంతమంది మధ్య ఉంటూ ఎవరితోనూ కలవలేకపోయిన నాకు, ఎవరో మెల్లగా నా డొక్కలో వేలు పెట్టి పలకరించినట్టు అనిపించింది.

బేస్‌తో ఒక చిక్కుంది. దానికి పాట ఉండదు. పాట ట్రంపెట్లది. నాది వాళ్ల అడుగున బూమ్, బూమ్ అనడం. సాధన చేసేటప్పుడు నా శబ్దంలో తక్కినవాళ్లకి వాళ్ల స్వరం వినపడటం లేదని మాస్టారు నన్ను భోజనాల షెడ్డు వెనక్కి పంపేవారు. అక్కడ అంట్లు తోమే తొట్టి, కట్టెల గుట్ట, నేను. అవతల పాట సాగుతుండేది. ఇవతల దాని కాళ్లు మాత్రం నా దగ్గరుండేవి. ట్రంపెట్ పిల్లలు స్నానాల దగ్గర కూడా తమ పాట కూనిరాగం తీసుకునేవాళ్లు. నాకు కూనిరాగం తీసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కవాతులో కూడా నాది ఆఖరి వరస. ఒక్కదాన్నే.

మిరప కోతల రోజుల్లో ఒక ఆదివారం ఇంటికి వెళ్తూ, మాస్టారిని అడిగి మౌత్‌పీస్ వెంట తీసుకెళ్లాను. పొద్దున అమ్మతో కల్లానికి పోయి ఎండిన కాయలు తిరగేశాను. ఇంటికొచ్చి చేతులు నీళ్లతో బాగానే కడుక్కున్నాననుకున్నాను. మౌత్‌పీస్ పెదాలకి ఆనించగానే నిప్పు అంటుకున్నట్టయింది. గంతులేస్తూ నీళ్ల కుండ దగ్గరికి పరిగెత్తాను. అరుగు మీద కూర్చున్న నాన్న విరగబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు.

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. "ఆ రాళ్ల పని మానుకోమంటే వినడుగా" అని నాతో అంది, ఆయన అక్కడ లేనట్టు.

దగ్గు తగ్గాక నాన్న, "ఏదీ, నువ్వు వాయించేది ఒకసారి వినిపించు" అన్నాడు.

పెదాలు మండుతుండగానే మౌత్‌పీస్‌తో నా వరస వినిపించాను. బుర్, బుర్, బుర్ర్.

"ఏం పాటే అది?"

"పాట కాదు నాన్నా. పాట కింద వాయించేది."

"పాట కింద ఏముంటది?"

నాన్న మౌత్‌పీస్ తీసుకుని తానూ ఊదబోయాడు. గాలి సుయ్యిమంది గానీ మోగలేదు. మళ్లీ ఊదాడు. "పెదాలు బిగించు నాన్నా" అన్నాను. బిగించాడు. మెడ నరాలు లేచాయి. మోగలేదు. లుంగీ అంచుతో దాన్ని తుడిచి నా చేతిలో పెట్టి, "నాకు రాదులే" అన్నాడు.

గణతంత్ర దినానికి మా బ్యాండుని మార్టూరు పిలిచారు. మైదానంలో షామియానా వేశారు. నాన్న ఆ పూట పని మానుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గోడ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేం జెండా చుట్టూ తిరిగి వాయించినంతసేపూ నా కళ్లు అటే. కార్యక్రమం అయిపోయి మిఠాయి పంచుతుండగా నా దగ్గరికొచ్చాడు.

"నీది వినపళ్లేదమ్మా" అన్నాడు. "చెవులు రిక్కించి విన్నా. అందరిదీ కలిసిపోయింది."

నా మొహం ఎలా అయిపోయిందో గానీ, ఆయన నన్నొదిలి నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లాడు. నాన్న ఎవర్నీ ఏమీ అడిగే మనిషి కాదు. యూనిట్‌లో మూతికి కట్టుకోవడానికి గుడ్డ కూడా అడిగి ఎరగడు. "అయ్యా, మా అమ్మాయిది ఒక్కటీ ఒకసారి వాయింపిస్తారా?" అన్నాడు.

మాస్టారు నా వైపు తిరిగి, "రా. మొదట్నుంచి వాయించు" అన్నారు.

అప్పటికి జనం వెళ్లిపోతున్నారు. పనివాళ్లు షామియానా గుంజలు పీకుతున్నారు. ఆ ఖాళీ అవుతున్న మైదానంలో నేనొక్కదాన్నే నిలబడి, పాట లేకుండా పాట అడుగు మాత్రం వాయించాను. వెనక ట్రంపెట్ పిల్లలు ముసిముసిగా నవ్వడం తెలుస్తూనే ఉంది. పాట ఆగి ఊపిరి తీసుకునే చోట నేనూ ఆగాల్సి వచ్చేది. ఆ ఖాళీలో గుంజ కింద పడిన చప్పుడు, ఎవరో సైకిలు బెల్లు. మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఈ పాట ఇంత పొడుగెప్పుడయిందా అనిపించింది. నాన్న తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుందమ్మా. మనిషి నడిచొస్తన్నట్టుంది" అన్నాడు.

దాని గురించి ఇంకెవరూ నాతో ఏమీ అనలేదు. అప్పుడూ, ఆ తర్వాతా.

ఎండాకాలం వచ్చేసరికి నాన్న నాలుగడుగులు వేసి ఆగేవాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇక ఆ పనికి పోకూడదని డాక్టరు అమ్మకి చెప్పాడు. పోయినా పోకపోయినా పెద్దగా తేడా ఉండదన్న సంగతి ఆయన గొంతులోనే తెలిసింది. వేసవి సెలవులు కాబట్టి నేను వార్డులోనే ఉండేదాన్ని. మంచం కింద చాప, కిటికీలో అన్నం గిన్నె.

నాన్నకి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో మూడు గదులు, మూడు రంగుల బంతులు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. నాన్న కళ్లు మూసుకుని పీల్చేవాడు. మొదటి బంతి కాస్త కదిలి, పైకి లేచి, టక్కున పడిపోయేది. రెండోది ఎప్పుడూ కదల్లేదు.

ఒక రోజు పొద్దున, ఆయనకి విసుగు తగ్గించాలనుకుని, "నేను పీలుస్తా చూడు నాన్నా" అని గొట్టం కడిగి నోట్లో పెట్టుకున్నాను. మాస్టారు నేర్పినట్టే పొట్టలోకి పీల్చాను. మూడు బంతులూ ఒక్కసారే పైకి లేచి, అంటుకుపోయినట్టు అక్కడే నిలబడ్డాయి. పక్క మంచం ఆయన లేచి కూర్చుని చూశాడు.

నాన్న మొహం వెలిగిపోయింది. "ఏందే! ఇంత ఊపిరి ఎక్కడిదే నీకు?" అన్నాడు. వార్డులోకి వచ్చిన నర్సుకి చూపించమన్నాడు. మధ్యాహ్నం అమ్మ రాగానే, "చూడు, మన పిల్ల మూడూ లేపుద్ది" అన్నాడు. వాళ్ల కోసం మళ్లీ పీల్చాను. వాళ్లు సంబరపడ్డారు. ఆయనకి లేని దాన్ని ఆయన కళ్ల ముందే అంత ధారాళంగా వాడుతున్నాను. ఆయన సంతోషం నిజమే. నా భయమూ నిజమే. సాయంత్రం మళ్లీ పీల్చమంటే, పెదాలు నొప్పిగా ఉన్నాయని చెప్పి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

పత్తి పూత మీద ఉన్న రోజుల్లో నాన్న ఇంటి దగ్గర పోయాడు. నేను హాస్టల్లో ఉన్నాను. బాబాయి బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. ఇంటి ముందు బెంచీలు, జనం, ఏడుపులు. అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు వెంటనే రాలేదు. అరుగు పక్కన కూర్చుని నా ఊపిరి నేను వింటున్నాను. లోపలికి, బయటికి. అది ఏ ఇబ్బందీ లేకుండా ఆడుతోంది. అలా ఎలా ఆడుతోందో నాకు అర్థం కాలేదు.

బడికి తిరిగి వెళ్లాక మాస్టారు నన్ను షెడ్డు వెనక్కి పంపలేదు. సామాన్ల గదిలో తన కుర్చీ ఎదురుగా కూర్చోమన్నారు. "ఒక్క స్వరం పట్టు. ఎంతసేపు పడితే అంతసేపు. ఇంకేం వద్దు" అన్నారు. పట్టాను. ఊపిరి అయిపోయేదాకా పట్టి, మళ్లీ పీల్చి, మళ్లీ పట్టాను. మనసు తేలికపడిందని చెప్పను. ఏమీ తేలికపడలేదు. కాకపోతే ఆ పూట నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఓదార్చలేదు. అదొక్కటే మేలుగా అనిపించింది.

మళ్లీ జనవరి వచ్చింది. ఈసారి జెండా కార్యక్రమం బళ్లోనే. ముందురోజు ఇంటికి కబురు చేశానే గానీ, కోతల పని వదులుకుని అమ్మ వస్తుందనుకోలేదు. వచ్చింది. తలకి నూనె రాసి దువ్వుకుని, తల్లిదండ్రులకి వేసిన కుర్చీల్లో కాకుండా, గేటు పక్కన నేల మీద కూర్చుంది. నేను ఆఖరి వరసలో నడుస్తూ ఆమె ముందు నుంచి వెళ్లాను. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

అంతా అయ్యాక దగ్గరికొచ్చి నా బేస్‌ని అటూ ఇటూ చూసింది. ఎత్తి చూడబోయి, "అమ్మో!" అని వదిలేసింది.

"ఇంత బరువు మోపిచ్చారేందే నీ మీద? భుజం ఒరుసుకుపోలా?" అంటూ నా భుజం పట్టుకుని నొక్కింది. ఆమె వేళ్లకి మిరప ఘాటు అలాగే ఉంది.

"అలవాటైంది లేమ్మా" అన్నాను. "నాది ఎట్టా ఉంది?" అని అడిగాను.

"అందరూ బానే వాయించారు" అంది. "నాకేం తెలుసుద్దే? ఎండకి నీ మొహం వాడిపోయింది. అదే చూస్తా కూర్చున్నా."

సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి నా చేతిలో పెట్టింది. మధ్యాహ్నం కోతకైనా అందుకోవాలని దొరికిన మొదటి బస్సుకే బయల్దేరింది. గేటు దాకా వెళ్లాను. ఆమె ఎక్కాక బస్సు కదిలిపోయింది. కిటికీల్లో అమ్మ మొహం ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను. గ్రౌండులో నా బేస్ ఒక్కటే ఎండలో ఉంది. నా ఊపిరి తడికి లోపల చేరిన నీళ్లు వంపేసి, గుడ్డతో తుడిచి, సామాన్ల గది తలుపు మూసేలోపే తీసుకెళ్లి పెట్టొచ్చాను.