అత్తగారు చెయ్యి పట్టుకున్న రోజులు

మా మామగారిని, చనిపోయిన అత్తగారి దగ్గరికి దాదాపు పంపించేశాను. టికెట్టు నా చేతులతో నేనే తయారుచేశాను. ఇంత ఘనకార్యం చేసిన అల్లుడు ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మరొకడు లేడు.

పెళ్లయిన కొత్త, కాపురం అత్తవారింట్లోనే. మామగారు రైల్వే వర్క్‌షాపులో రిటైరైన వడ్రంగి. హాల్లో స్టీలు ఫ్రేములో అత్తగారి ఫోటో. దాని చుట్టూ నీలం ఎల్‌ఈడీ దీపాలు పెడదామని నాకు బుద్ధి పుట్టింది. ఫోన్లో రెండు వీడియోలు చూసి పండితుణ్ణయ్యాను. మనిషికీ ఇంటి కరెంటుకీ మధ్య అడ్డంగా నిలబడే ట్రాన్స్‌ఫార్మర్ బరువెక్కువని మానేసి, ఒక్క కెపాసిటర్‌తో సరిపెట్టాను. తీగ కదలకుండా దాని ఒలిచిన కొసను ఫ్రేము స్క్రూకే బిగించాను. రెండు పిన్నుల ప్లగ్గు గుచ్చితే వెలిగింది. నా మొహం కూడా.

మర్నాడు స్నానం చేసి, చెక్కపీట మీద నిలబడి బొట్టు పెట్టబోయిన మామగారు చెయ్యి లాగేసుకున్నారు.

“ఏటయినాది మామయ్యా?”

“మీ అత్త నా సెయ్యి ఒట్టుకున్నాది బాబూ.”

మోచేతి దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నీలం వెలుగులో అత్తగారి కళ్లు మేము ఎటు జరిగితే అటే తిరుగుతున్నట్టున్నాయి. నేను చెప్పులతో వెళ్లి ముట్టుకున్నాను. ఏమీ లేదు.

తరువాతి రోజు ఆవిడ ఊరుకున్నారు. ఆ మర్నాడు మళ్లీ పట్టుకున్నారు.

నా భార్య సుజాత విచారణ మొదలుపెట్టింది. “నానా, నిన్న శనారం కదా. గోల్‌బజార్‌లో ఏటి తిన్నావు?”

“సేప... ఒకటే ముక్కే.”

“అమ్మకి తెలిసిపోనాది!”

చేపలు మానేశారు. అయినా అత్తగారు పట్టుకున్నారు. దాంతో మామగారు ఫోటో ముందు లోగొంతుకతో పాత తప్పులు ఒప్పుకోసాగారు. “నీ పెళ్లి సీర ఎలక కొట్టలేదే. నేనే మేకుకి తగిలించినాను.” ముట్టుకున్నారు. ఏమీ లేదు. “సూసినావా బాబూ, సెమించీసింది!” మర్నాడు మళ్లీ జివ్వు. పాపం, ఇంకో తప్పు వెతుక్కోవాలి. వంటింట్లో సుజాత గరిటె ఆపి వినేది. నాకైతే, అబద్ధమెందుకు, ఒంటరిగా హాలు దాటాలంటే వీపు చల్లబడేది.

సంవత్సరీకం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఆ రోజు పీట లేదు, పొడిబట్టలు లేవు. తడి పంచెతో, నేల మీద నిలబడి దండ వెయ్యాలి. మామగారు స్నానాల గదిలో ఉండగా, ఫ్రేము తుడుద్దామని నేనూ చెప్పులు విడిచి, కడిగిన గచ్చు మీద నిలబడి చెయ్యి వేశాను.

అత్తగారు నన్ను ఎదుటి గోడకేసి కొట్టారు.

కూలబడ్డ చోటు నుంచి చూస్తే ఎదురుగా ప్లగ్గు. రోజూ సుజాత దాన్ని పీకి ఫోను చార్జరు పెట్టుకుంటుంది. తరువాత ఎటు వీలైతే అటు తిప్పి గుచ్చేస్తుంది. ఒకవైపు గుచ్చితే అత్తగారు శాంతమూర్తి. తిప్పి గుచ్చితే ఇంటి కరెంటంతా ఫ్రేములోనే. ఇన్నాళ్లూ మామగారిని కాపాడింది ఆ చెక్కపీట.

తలుపు కిర్రుమంది. నీళ్లోడుతూ, రెండు చేతులా దండతో మామగారు ఫోటో ముందుకు వచ్చేశారు.

“ముట్టుకోకండి!” అంటూ దూకి ప్లగ్గు పీకేశాను.

అంతా చెప్పాను. ఆయన ఫోటోకేసి తిరిగారు.

“అయితే అది మీ అత్త కాదేటి?”

“కాదు మామయ్యా. నా సర్క్యూట్.”

“మరి నా తప్పులన్నీ ఎవులిన్నారు?”

“నేనిన్నాను నానా,” అంది వంటింట్లోంచి సుజాత. “సీర సంగతి కూడా.”

ఆయన దండ వేసి, ఫ్రేము మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచారు. “సల్లగున్నాది,” అన్నారు. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. అయినా నా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ట్రాన్స్‌ఫార్మర్ లేనిదేదీ మనిషి చెయ్యి తగిలే చోట పెట్టనని, ఆలుమగల మధ్య తీగ కలపనని ఆ రోజే అత్తగారి ఫోటో ముందు ఒట్టు వేశాను. ఫ్రేము మాత్రం ముట్టుకోలేదు.